మిల్ట్రీ తాత చేతులు

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా వీధి మొత్తానికి చెయ్యి వణకని ముసలాయన మా తాతయ్య ఒక్కడే. బర్మా వైపు యుద్ధంలో తుపాకి పట్టిన మనిషి. తిరిగొచ్చి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని పిల్లలందరినీ పెంచి పెద్దచేశాడు. ఊళ్లో అంతా మిల్ట్రీ తాత అనేవారు. యుద్ధం గురించి ఆయన గొప్పలు చెప్పగా నేను వినలేదు. పులుసులో ఉప్పు గురించి మా నానమ్మతో మాత్రం రోజూ యుద్ధమే.

పోగులు అతకడంలో ఆయనకు పేరుండేది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయినప్పుడు కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును పాత కొసకు చేర్చి, వేళ్లకు ఇంత బూడిద అద్దుకుని, మెలిపెట్టి అతకాలి. వందల పోగులుంటాయి. సరిగా పడకపోతే లాగినప్పుడు ఊడిపోతాయి. ఆ పని పడితే ఎవరైనా మా గడపకే వచ్చేవారు.

అవి అన్నల రోజులు. నక్సలైట్లను మా వైపు అన్నలనే అనేవారు. వాళ్లకు అన్నం పెడితే పోలీసులు కొట్టేవారు, పోలీసులతో మాట్లాడితే అన్నలు పిలిపించేవారు. ఎవరు ఎవరికి ఏం చేరవేస్తారో తెలియక వీధిలో మాటలే తగ్గిపోయాయి.

ఒకరోజు దీపాలు పెట్టే వేళకు ఇద్దరు కుర్రవాళ్లు మా ఇంటికి వచ్చారు. "తాతా, నువ్వు మిల్ట్రీల పనిజేసినవట గదా. మా పిలగాండ్లకు తుపాకి పట్టుడు నేర్పాలె. కొన్ని దినాలు అచ్చి పోతె సాలు," అన్నాడు ఒకడు మర్యాదగానే.

తాతయ్య వాళ్లకు నీళ్లివ్వబోయి చెంబెత్తాడు. చెయ్యి గజగజ వణికింది. సగం నీళ్లు ఆ అబ్బాయి కాళ్ల మీదే పడ్డాయి. నన్ను నవ్వించడానికి వేషం వేస్తున్నాడనుకుని ఫక్కున నవ్వాను. నానమ్మ నా తొడ గిల్లిన గిల్లుడు ఇంకా మర్చిపోలేదు.

"నా చెయ్యే నాకు నిలుస్తలేదు కొడుకా. ఇంక తుపాకేం పడుత?" అన్నాడు తాతయ్య.

వాళ్లు వెళ్లిపోయారు. ఆ సంగతి తెలిసి నాలుగు రోజులకు పోలీసులూ వచ్చారు. వాళ్ల ముందూ ఆ చెయ్యి అలాగే వణికింది. ఈ ముసలాయనతో ఎవరికేం పని అని చీదరించుకుని పోయారు. తలుపు వేశాక తాతయ్య నానమ్మతో మెల్లగా అన్నాడు. "నేర్పితె పోలీసోళ్లు మన కొడుకును గుంజుకపోతరు. నేర్పనంటె అన్నలు ఊకోరు. సేతులు పాడైనయంటె ఇద్దరూ ఊకుంటరు." కొడుకంటే మా నాన్న.

భలే తెలివైన పని చేశాడనుకున్నాను. కానీ వీధి నిండా కళ్లే. ఒకసారి వణికిన చెయ్యి రోజూ వణకాలి కదా. ఆ రోజు నుంచి తాతయ్య మగ్గం గుంటలోకి దిగలేదు. అరుగు మీద కూర్చునేవాడు. అన్నం కూడా తలుపు చాటునే తినేవాడు.

అప్పుడే పక్కింటి అక్క వచ్చింది. ఆమె భర్త మహారాష్ట్రలోని భీవండి మిల్లుల్లో పనికి పోయి చాలాకాలంగా జాడ లేడు. చంటిపిల్లతో ఒక్కతే మగ్గం నడుపుకుంటోంది. నూలిచ్చి కూలికి నేయించుకునే సేటు కొత్త పడుగు ఇచ్చాడు, వారంలో మగ్గం ఆడకపోతే వెనక్కి తీసుకుంటానన్నాడు. అతికేవాళ్లలో మిగిలినవాళ్లంతా అప్పటికే వలసపోయారు.

"ఎట్లనన్న జేసి అతుకు తాతా. నిమ్మలంగనే చెయ్యి, నేను పక్కనే కూసుంట," అంది.

"నాతోని కాదు బిడ్డా."

ఆమె మళ్లీ అడిగింది. మూడోసారి ఆయన కాళ్లు పట్టుకుని అడిగింది. తాతయ్య చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వణికిస్తూ, ఎటో చూస్తూ కూర్చున్నాడు. చేతులు బాగానే ఉన్నాయని ఆయన ఒక్క మాట చెబితే మా నాన్న ప్రాణానికి ముప్పు. చెప్పకపోతే ఆమె పొయ్యి ఆరిపోతుంది. నాకు ఏడుపొచ్చింది, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

ఆమె వెళ్లాక తాతయ్య నన్ను లోపలికి పిలిచి తలుపు గడియ పెట్టాడు. తెగిన పోగులు నాలుగు తీసుకుని, వేళ్లకు బూడిద అద్దుకుని, అతకడం చూపించాడు. ఆ వేళ్లు ఎంత నిలకడగా ఉన్నాయో! నాతో మళ్లీ మళ్లీ చేయించి, అక్క దగ్గరికి పంపాడు. నేనూ అక్కా మెడలు పట్టేసేలా కూర్చుని రెండు రోజులు అతికాం. పడుగు ముందుకు లాగగానే మా అతుకులన్నీ చిక్కుడు తీగలు తెగినట్టు పుటపుటా ఊడిపోయాయి. వారం గడువు దాటగానే సేటు మనిషి వచ్చి నూలు తీసుకుపోయాడు.

పిల్లను చంకనేసుకుని భీవండి బస్సెక్కే ముందు అక్క మా అరుగు దగ్గర ఆగింది. "నీ సేతులు మంచిగుంటె నాకీ గతి రాకపోవు తాతా. నువ్వేం జేస్తవు పాపం," అని ఆయన కాళ్లకు మొక్కి వెళ్లింది. తిట్టి ఉంటే తాతయ్యకు కాస్త తేలికగా ఉండేదేమో. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

తర్వాత ఆమె సంగతి మాకెప్పుడూ తెలియలేదు.

ఏళ్లు గడిచి మా వైపు అలజడి సద్దుమణిగింది. నేను పెద్దదాన్నయ్యాను. ఒకరోజు ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, "తాతా, ఇప్పుడు ఎవ్వలు సూస్తలేరు. ఇంక ఆపరాదే," అన్నాను.

తాతయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. "ఆపుదామనే సూస్తున్న బిడ్డా. ఆగుతలేవు," అన్నాడు.

ఎవరైనా 'నాతోని కాదు' అంటే, ఈ వయసులో కూడా నేను రెండోసారి అడగను.