ఎలుకల పిన్ని అరచెయ్యి

మా అమ్మ చెల్లెల్ని పరిశోధనశాలలో అందరూ ఎలుకల పిన్ని అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా అక్కడి తెల్ల ఎలుకల గది ఆవిడదే. పెట్టెల్లో రంపపు పొట్టు మార్చడం, నీళ్ల సీసాలు కడగడం, ఏది తిన్నదో ఏది తినలేదో కనిపెట్టడం ఆవిడ పని. ఎలుకను తోక పట్టుకుని ఎత్తేవాళ్లను చూస్తే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. తను మాత్రం పెట్టెలో అరచెయ్యి పరిచి, అవే వచ్చి ఎక్కేదాకా ఆగుతుంది.

నా పెళ్లికి ఆవిడ అరగంట ముఖం చూపించి వెళ్లిపోయింది. ఎలుకలకు నీళ్లు పెట్టాలట! నాకు ఒళ్లు మండింది.

"నాకన్నా ఆ ఎలుకలు ఎక్కువా?" అని నిలదీశాను.

"అన్నీ కాదే, కింది అరలో అయిదున్నాయి" అంది దొంగనవ్వు నవ్వుతూ.

ఆ అయిదింటి సంగతి ప్రయోగం చేసే డాక్టరమ్మ పిన్నికి విడమరిచి చెప్పింది. చిన్నప్పుడే వాటికి బలం తీసేసిన క్రిమిని ఒక్కసారి ఎక్కించారు. దాంతో పోరాడే కణాలు ఒంట్లో వేలకు వేలు పుట్టుకొచ్చాయి. పని కాగానే దాదాపు అన్నీ చచ్చిపోయాయి. ఏ కొన్నో మిగిలి, ప్లీహంలోనూ ఎముక మూలుగలోనూ మకాం పెట్టి, సంఖ్య తగ్గకుండా అప్పుడొకటి ఇప్పుడొకటి చీలుతూ, ఆ క్రిమిని గుర్తుపెట్టుకుంటాయట. ఎంతకాలం అన్నదే డాక్టరమ్మ తేల్చాలి.

"మిగతావాటిలా వీటినీ కోసేస్తారా అమ్మా?" అని పిన్ని అడిగింది.

"లేదు పిన్నీ, తోకనుంచి ఒక్క రక్తపు చుక్క చాలు. ముసలివై వాటంతట అవే పోతాయి. కాకపోతే కొత్త చెయ్యి పడితే బెదురుతాయి, బెదిరితే ఒంట్లో కణాలు కూడా మారిపోతాయి. నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు."

ఆ ఒక్క మాట పట్టుకుని పిన్ని రెండేళ్లు సెలవన్నది పెట్టలేదు. బాబాయి సణిగి సణిగి ఊరుకున్నాడు.

కిందటి నెల డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమంది. పిన్ని కూడబలుక్కుని చదివింది. రెండేళ్లు నిండగానే అయిదింటినీ చంపి మూలుగ తియ్యాలని ఉంది. ప్రయోగానికి అనుమతి ఇచ్చిన తేదీ చూస్తే, ఆ ఎలుకలు పుట్టకముందుది.

"మొదట్నుంచీ తెలుసా అమ్మా నీకు?"

"చెబితే నువ్వింత ప్రేమగా చూసేదానివా? నువ్వే తీసుకురా పిన్నీ. నీ చేతిలో అయితే భయపడవు."

వారం తర్వాత పిన్ని మా ఇంటికొచ్చి వంటగది గడపలో కూలబడి ఇదంతా చెప్పింది. ఆ డాక్టరమ్మను అప్పటికప్పుడే వెళ్లి కడిగిపారెయ్యాలనిపించింది నాకు.

"తీసుకురానని మొహం మీదే చెప్పాల్సింది" అన్నాను.

"నేను కాదంటే తోక పట్టుకు లాక్కుపోతారే. అందుకే నేనే తీసుకెళ్లాను."

"పోనీ, ఆవిడకి కావలసింది దొరికిందా?"

"అయిదింటిలోనూ ఉన్నాయట ఆ కణాలు. ఎగిరి గంతేసింది."

పిన్ని ద్వారబంధానికి చేరబడి మళ్లీ అందుకుంది.

"చెయ్యి పెట్టగానే నాలుగు ఎప్పట్లాగే ఎక్కేశాయి. చెవి చినిగింది ఒకటుంది, ముసలితనంతో దానికి వెనక కాళ్లు పడిపోయాయి. అయినా పాక్కుంటూ వచ్చి నా బొటనవేలి పక్కన ముడుచుకుంది. డాక్టరమ్మ నన్ను మోసం చేసింది, సరే. దాన్ని మోసం చేసిందెవరే?"

పిన్ని కుడిచెయ్యి ఒళ్లో వెల్లకిలా తెరిచే ఉంది.