చీపురుపల్లి వారి పరదేశీ ఆల్బమ్ పురస్కారం

ఎక్కడో ఒక చలిదేశంలో ఏటేటా పరదేశీ ఆల్బమ్‌లకు జాతీయ పురస్కారం ఇస్తారని పేపర్లో చదివాను. మొదట్లో స్వదేశీ పాటా, పరదేశీ పాటా ఒకే బంతిలో కూర్చునేవట. తర్వాత బయటివాళ్లకు వేరే విస్తరి వేశారట. అంతటి చరిత్ర తెలిశాక చీపురుపల్లి ఊరుకుంటుందా? మేమూ మొదలుపెట్టాం. సభాస్థలి మా బావ టీవీ రిపేరు కొట్టు వెనకగది. అక్కడి స్పీకరు ధాన్యపు గాదె అంత ఉంటుంది. సౌండు పెంచితే నరసన్నపేటలో ఆరబోసిన వడ్లు ఎగురుతాయి.

న్యాయనిర్ణేత ఒక్కరే. చిన్నప్పుడు మా ఇద్దరికీ వయొలిన్ నేర్పబోయి, మా ప్రతిభ చూసి విరమించుకున్న మాస్టారు. ఆయన్ను అభిప్రాయం అడగం. అడిగితే, "ఇది సంగీతమేటిరా? రేకుల షెడ్డు మీద వడగళ్లు!" అంటారు. పాట పెట్టి, ఆయన కుడిచేతిని చూస్తాం. అది ఆయనకు తెలియకుండానే తొడమీద తాళం వేసిందా, ఆ ఆల్బమ్ గెలిచినట్టే. నోటితో ఎంత తిట్టినా లెక్కలోకి రాదు.

మొన్న వానాకాలంలో మాస్టారికి పక్షవాతం వచ్చి ఆ కుడిచెయ్యే పడిపోయింది. వయొలిన్ వైపు చూడటం మానేశారు. మాటా మానేశారు.

"ఈయేడు ఒగ్గేద్దాం బావా. ఆయన్ని కూకోబెట్టి ఆ సెయ్యికేసి సూడమంటే నా వల్ల కాదు," అన్నాడు బావ.

పాట ఆయన్ను పూర్తిగా వదిలేసిందేమోనని నా భయం. అందుకే పట్టుబట్టి ఆటోలో తీసుకొచ్చాను. బావ ఆయనకు ఎడమపక్కన ఆనుకుని కూర్చున్నాడు.

మొదటి ఆల్బమ్‌కు మాస్టారు గోడకేసి చూశారు. రెండోదానికి కళ్లు మూసుకున్నారు. మూడోది ఏదో మంచుదేశపు ఆవిడది. ఆవిడ పేరు పలకాలంటే నాలుకను మడతపెట్టి ఇస్త్రీ చేయించాలి. డోలులాంటిదేదో మోగిస్తూ పాడుతోంది. ఉన్నట్టుండి బావ కెవ్వుమన్నాడు. మాస్టారి ఎడమచెయ్యి బావ తొడమీద తాళం వేస్తోంది.

"మాస్టారండీ, నా తొడండీ అది! వాసిపోతాది!"

"ఒరే, కదలకు. తాళం తప్పుతాది."

జబ్బు పడ్డాక ఆయన మమ్మల్ని కసరడం అదే మొదలు. నాకు వీధిలోకి పరుగెత్తి కొత్తవలస దాకా వినపడేలా ఈల వెయ్యాలనిపించింది. ఆ గాయని ఉన్నదే మంచులో. అయినా ఇంకా చల్లగా ఉండాలి, మహాతల్లి.

బావ మాత్రం కదల్లేదు. ఆల్బమ్ అయ్యేదాకా కళ్లనీళ్లయినా తుడుచుకోలేదు. అయిపోయాక, "మళ్లీ ఎయ్యమంటారేటండీ?" అని అడిగి, రెండో తొడ అటు వచ్చేలా తిరిగి కూర్చున్నాడు.