మూడో రోజు జ్వరానికి నెగటివ్ కాగితం

కరోనా అణిగిన మరుసటేడు వానాకాలంలో నన్ను నగరి దగ్గర ఒక సర్కారు ఆసుపత్రికి ల్యాబ్ టెక్నీషియన్‌గా బదిలీ చేసినారు. ల్యాబంటే అగ్గిపెట్టె. నేను గట్టిగా ఊపిరి పీలిస్తే మైక్రోస్కోపు వరండాలోకి జరగాల్సిందే.

ఒక పొద్దున మరమగ్గం నేసే ధనంజేయులు, అతని భార్య మునెమ్మ వచ్చినారు. మూడో రోజు జ్వరం. ఆయప్ప ఒంటి మీద దోసె పోస్తే కాలుతుంది. డెంగీ అనుమానంతో డాక్టరమ్మ, మా దగ్గర ఉండే ఒకే ఒక డెంగీ కిట్టైన యాంటీబాడీల పరీక్ష, దాంతోపాటు తెల్లకణాల లెక్క రాసింది. మొదటిది నెగటివ్. రిపోర్టు ముందు డాక్టరు చేతికే పోవాలని రూలు. నేను ఉదారంగా ఆయప్ప చేతికే ఇచ్చినాను. కాగితం కళ్లకద్దుకున్నాడు.

"ఇంకేమీ లేదు గదా సార్! అలిపిరి నుంచి నడిసి కొండెక్కే మొక్కుండాది. ఈ పొద్దే పోతాం."

వాళ్లు పోయినాక తెల్లకణాలు లెక్కపెడితే, ఉండాల్సిన దాంట్లో సగమే. ఒళ్లంతా యుద్ధమైతే సైన్యం యాడికి పోయింది? నాలుగుసార్లు లెక్కపెట్టినాను. రంగును, గాజుపలకను, చివరికి నా పదో తరగతి లెక్కల మార్కుల్ని కూడా అనుమానించినాను.

పోయి జరిగింది చెప్తే డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. యాంటీబాడీలు తయారయ్యేదానికి అయిదారు రోజులు పడతాయంట. అంతదాకా కొట్లాడేది పుట్టుకతో వచ్చిన కాపలా. వైరస్ దూరిన కణం పక్క కణాలకు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థంతో కేకేస్తుంది. ఆ గొడవకే జ్వరం, ఒళ్లునొప్పులు. ఆ గొడవలోనే తెల్లకణాలు తగ్గుతాయి. జ్వరం దిగే వేళకే అసలు ప్రమాదం.

"అప్పుడాయన మెట్ల మీద ఉంటే?" అనింది.

సగం అర్థమైంది. ఆ సగంతోనే బస్టాండుకు పరిగెత్తినాను. నా పరుగుకు రెండు ఆటోలు పక్కకు తప్పుకున్నాయి.

బస్సులో మునెమ్మ లేచింది. "ఏమీ లేదంటివి, ఇప్పుడు ఉండాదంటావు. జొరం ఆయప్పకా, నీకా సార్?"

"ఆ కాగితం ఎతికింది వెనకొచ్చే పటాలాన్నమ్మా. అదింకా బయల్దేరలేదు. ఈడ కొట్లాడతా ఉండేది వేరే కాపలా."

ఆమె నన్నూ, మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. "మొక్కు యాడికీ పోదులే. దిగు."

ఇంకో మూడు రోజులకు జ్వరం దిగింది, ప్లేట్‌లెట్లూ పడిపోయినాయి. అప్పటికి ఆయప్ప మా వార్డులో సెలైన్ కింద ఉన్నాడు. బతికినాడు.

ఆ తర్వాత, ముందస్తుగా రిటైరయ్యేదాకా, జ్వరం ఎన్నో రోజో రాయకుండా ఏ నెగటివ్ కాగితమూ నా టేబుల్ దాటలేదు. అదీ డాక్టరు చేతికే. తెల్లకణాలు ఎందుకు తగ్గుతాయో మాత్రం నాకిప్పటికీ సగమే తెలుసు.