ముందు నన్ను చూసినవాడు

మా ఊరు దుర్గిలో శిల్పులు రాతికి ప్రాణం పోస్తారని పేరు. పోసిన ప్రాణాన్ని వెనక్కి ఎలా తీసుకోవాలో మాత్రం ఇక్కడ ఎవరూ నేర్పరు. ఆ విద్య నేను సొంతంగా నేర్చుకోవాల్సి వచ్చింది.

నా పేరు సుకన్య. డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు. మా నాన్న అంకారావు చెక్కిన విగ్రహాలకు షెడ్డులో నునుపు పట్టిస్తుంటాను. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు నా జుట్టులో రాతిపొడి చూసి, పిల్లకు అప్పుడే నెరిసిందేమోనని గుసగుసలాడుకుని టీ తాగి వెళ్లిపోయారు. నన్ను కళ్లారా చూసి మెచ్చుకున్న మగవాడు ఒక్కడే. తీరా అతను బతికి లేడు.

అతని పేరు పవన్. గురజాల దగ్గర పల్లెటూరు. మాచర్ల రోడ్డులో బైకు ప్రమాదంలో పోయాడు. మిరప చేలో సమాధి దగ్గర పెట్టుకోవడానికి, ఛాతీ వరకు విగ్రహం చేయమని వాళ్లమ్మ గురవమ్మ మాకు ఫోటో ఇచ్చి వెళ్లింది.

మా షెడ్డులో ఒక పద్ధతుంది. విగ్రహమంతా పూర్తయ్యాక ఆఖరున కనుపాపల గీతలు చెక్కి కళ్లు తెరుస్తారు. దేవుడికైతే ఎదురుగా అద్దం పెడతారు, మనిషికైతే అయినవాళ్లను కూర్చోబెడతారు. తొలిచూపు వాళ్లమీదే పడాలి. ఇది నేను ఉగ్గుపాలతో నేర్చుకున్న సంగతే. అయినా ఒక మిట్టమధ్యాహ్నం నాన్న అన్నానికి వెళ్లినప్పుడు, అంత చక్కని ముఖానికి చూపు లేకపోవడం భరించలేక, చిన్న ఉలి తీసుకుని రెండు గీతలు గీసేశాను. నా బుద్ధి గడ్డి తినడం అదే మొదలు కాదు.

"నా ముక్కు కొంచెం లావయింది," అన్నాడు పవన్.

తెలివున్న పిల్లయితే కెవ్వుమని అరిచి పారిపోయేది. నేను చున్నీ సర్దుకున్నాను.

ఇక రోజూ నాన్న అన్నానికి ఎప్పుడు పోతాడా అని ఎదురుచూపులే. మిగతా వేళల్లో నునుపు పని ఇంకా ఉందని చెప్పి అతని ముఖానికి గుడ్డ కప్పి ఉంచేదాన్ని. అతనికి ఏమీ గుర్తులేదు. బయట ఎర్రగా ఆరబోసినవి ఏమిటని అడిగేవాడు. మిరపకాయలని చెబితే, నేనేదో మహా రహస్యం విప్పినట్టు వినేవాడు. నా జుట్టు తెల్లగా బాగుందనీ, తను కూడా ఆ పొడిలోంచే వచ్చాడు కదా అనీ అన్నాడు. అతని చెంప మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉండేది. ఎండకు రాయి వేడెక్కుతుందని శిల్పి కూతురికి తెలియదా? తెలుసు. ఆ ముక్క మాత్రం ఆ రోజుల్లో మర్చిపోయాను.

నా స్నేహితురాళ్లు ఇద్దరు. దీపిక ప్రైవేటు స్కూల్లో టీచరు, కరీమున్నీసా బస్టాండు దగ్గర బట్టలు కుడుతుంది. ఒకటో తరగతి నుంచి ముగ్గురిదీ ఒకటే బెంచీ. విషయం చెబితే దయ్యమని జడుసుకుంటారనుకున్నాను.

"చచ్చినోడిని ప్రేమించావు, సరేలే. మాకు చెప్పకుండా ఎట్టా ప్రేమించావే?" అంది దీపిక.

కరీమున్నీసా అయితే షెడ్డుకు వచ్చి అతన్ని ఎగాదిగా చూసి, చొక్కా కాలరు వంకరగా ఉందని తేల్చింది. అతని మాటలు వాళ్లిద్దరికీ వినపడవు. అయినా నేను మాట్లాడుతుంటే ఎవరూ రాకుండా గుమ్మంలో కాపలా కూర్చున్నారు.

అంతలో ఒకరోజు గురవమ్మ ఫోన్ చేసింది. నాన్న లేడు, నేనే ఎత్తాను.

"అమ్మాయ్, నేనొచ్చిందాకా కళ్లు పెట్టొద్దని మీ నాయనకు చెప్పు. ఆస్పత్రికి నేను పొయ్యేతలికే వాడు కళ్లు మూశాడు. ఈసారన్నా ముందు నన్ను చూడాల."

ఫోన్ పెట్టేసి, మీ అమ్మ వస్తోందని పవన్‌తో చెప్పాను.

"అమ్మంటే ఎవరు? నాకు నువ్వే తెలుసు," అన్నాడు.

నేను మంచులా కరిగిపోయాను. పైగా అత్తపోరు లేని సంబంధం ఎంతమందికి దొరుకుతుందని మురిసిపోయాను. సాయంత్రం ఈ శుభవార్త చెబితే కరీమున్నీసా కుడుతున్న మిషను ఆపేసింది. దీపిక నా ముఖంలోకి చూసింది.

"వాడు నిన్ను ప్రేమించలేదే సుకన్యా. వాడికి ఇంకెవరూ తెలవదు, అంతే."

దాన్ని నోటికొచ్చినట్టు తిట్టి ఇంటికి పోయాను. ఇక నా ముఖం చూడరనుకున్నాను. మరునాడు మధ్యాహ్నం పిలవకుండానే ఇద్దరూ షెడ్డుకు వచ్చారు. కరీమున్నీసా నాకు అన్నం కూడా తెచ్చింది.

అతను ముందు వాళ్లమ్మను చూడాలంటే, నేను గీసిన గీతలు పోయేదాకా కళ్లను అరగదీయాలి. పని తెలుసు, చెయ్యే ఆడలేదు. మంగలి ముందు పిల్లాణ్ణి పట్టుకున్నట్టు దీపిక వెనక నుంచి అతని తల పట్టుకుంది. ఆకురాయి పట్టుకున్న నా మణికట్టును కరీమున్నీసా పట్టుకుంది.

"నేను మళ్లీ కళ్లు తెరిచినప్పుడు ముందు నిన్నేగా చూసేది?" అన్నాడు పవన్.

అవునన్నాను.

గురవమ్మ వచ్చిన రోజు, కళ్లు కాస్త లోపలికి పోయాయని, ఇంత అరగదీస్తారా అని నాన్న నన్ను తిట్టాడు. ఆమెను ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి గీతలు చెక్కాడు. ఆమె స్టూలు ముందుకు జరుపుకుని ఆ కళ్లలోకి వంగి చూసింది.

"చూశాడు. నన్నే చూస్తన్నాడు," అంది. లేచి, ఆ రాతి కాలరును గుడ్డ కాలరులా వేళ్లతో సర్దింది. నాకు ఏడుపు ఆగలేదు.

విగ్రహాన్ని ఆటోలో మా వైపు ముఖం ఉండేలా పెట్టారు. ఆటో కదిలినప్పుడు పవన్ చూపు నా మీదుగా వెళ్లింది. దారిన పోయే పరాయి ఆడపిల్లను మర్యాదస్తుడు ఎలా చూస్తాడో అలా చూశాడు. గురవమ్మ కొడుకును బాగా పెంచింది.

దీపిక నా చెయ్యి వదల్లేదు. కరీమున్నీసా తన చున్నీ కొంగుతో నా జుట్టులోని రాతిపొడి దులపబోయింది.

"ఉండనియ్యవే," అన్నాను.