మాలిపువో దగ్గు

మాలిపువో మొగుడు బంగారు గనుల్లో ఊపిరితిత్తులు పాడుచేసుకుని, మఫెటెంగ్ కొండ కింది ఇంటికి దగ్గు మోసుకొచ్చాడు. ఆ దగ్గుతోనే పోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరు దగ్గినా అందరికీ గుండె జారిపోతుంది. ఈ చలికాలం ముసలమ్మ మాలిపువోకు పొడిదగ్గు పట్టుకోగానే కోడలు లిమకట్సో అత్తకు కప్పు వేరే పెట్టింది, కూతురు పులెంగ్ పక్కను తన గదిలోకి మార్చింది. ఆరేళ్ల పులెంగ్ పాలు మానినప్పటినుంచీ నాయనమ్మ దగ్గరే నిద్రపోయేది. కప్పు పోతే పోయింది గాని, ఆ చోటు ఖాళీ అయ్యేసరికి మాలిపువో ప్రాణం ఉసూరుమంది.

ఆసుపత్రిలో బీపీ వాళ్ల వరసలో నిలబడి దగ్గితే, అక్కడి మనిషి ఆమెను దగ్గువాళ్ల వరసలోకి పంపేశాడు. కళ్లె పరీక్ష చేసి క్షయ లేదన్నారు. కోడలు విని తలూపింది గాని కప్పు మార్చలేదు. మామకూ మొదట్లో లేదనే అన్నారట. మళ్లీ వెళ్తే మళ్లీ అదే వరస, అదే మాట. తిరిగి తిరిగి కాళ్లు అరిగాయి. బీపీ బిళ్ల మాత్రం ఒక్క పూటా మానలేదు. ఒంట్లో బాగాలేనప్పుడు అదైనా సరిగ్గా వేసుకోవాలి కదా అనుకుంది పాపం.

చివరికి కొత్తగా వచ్చిన నర్సు, రోజూ ఏం మింగుతున్నావని అడిగింది. ముసలమ్మ ఒంటికి చుట్టుకున్న దుప్పటి మడతలోంచి ఎనలాప్రిల్ అనే బీపీ బిళ్లల పొట్లం తీసి చూపించింది.

"దగ్గు ఈ బిళ్ల వల్లేనమ్మా. కొందరికి పడదు. వేరే రకం రాయిస్తాను. నీ అంతట నువ్వు మాత్రం మందు మానకు, బీపీ ఊరుకోదు."

"అయితే ఇన్నాళ్లూ నా దగ్గును నేనే మింగుతున్నానన్నమాట," అంది మాలిపువో. నవ్వే ఓపిక కూడా లేదు.

కొత్త బిళ్లతో దగ్గు మెల్లగా తగ్గి, చేలల్లో మొక్కజొన్న మొలకెత్తేసరికి పూర్తిగా పోయింది. లిమకట్సో తప్పు ఒప్పుకోలేదు గాని, ఒక సాయంత్రం కూతురి పక్క తెచ్చి పాత చోటే వేసింది. పులెంగ్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"మళ్లీ దగ్గు రాదుగా నాయనమ్మా?"

"రాదు తల్లీ. రా."

పిల్ల వచ్చి పడుకుంది. ముఖం గోడవైపు తిప్పుకుని, ముక్కు మీదికి దుప్పటి లాక్కుంది. అమ్మ బాగానే నేర్పింది. ముసలమ్మకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. మనవరాలి వీపు మీద చెయ్యి వేసి, తన ఊపిరి చప్పుడు పిల్లకు వినపడకుండా పడుకుంది.