తాళాలక్క తీసేసిన లైన్లు

మా ఆఫీసులో సర్వర్లు చూసే ఆవిడ అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా వినిపించదు. అందరికీ తాళాలక్క. సర్వర్ గదికి తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కొచ్చి లాగి చూస్తుంది. ఇంట్లోనూ ఇంతేనట. "ఈవిడతో సినిమాకి బయల్దేరితే ఇంటర్వెల్‌కి చేరతాం" అని వాళ్లాయన మొత్తుకుంటాడు.

మాది రక్తపరీక్షల ల్యాబు. ఆరు శాఖలు, శాఖకో సర్వరు. ఒక్కో సర్వర్లో నాలుగైదు ప్రోగ్రాములు. ఒకదానికి కొత్త సామాను, అంటే అది నడవడానికి కావలసిన సహాయక ఫైళ్లు, కావాలి, ఇంకోదానికి పాతదే పడుతుంది. అందుకని వేరు కాపురాలు పెట్టిస్తాం. దేని గది దానిది, దేని సామాను దానిది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటే ఇంతే. అన్నిటికన్నా ముసలిది, ట్యూబుల మీద పేర్ల లేబుళ్లు కొట్టే ప్రోగ్రాము, మాత్రం మొదట్నుంచీ ఉమ్మడి హాల్లోనే ఉంటోంది. అక్క ఒక్కో ప్రోగ్రాము గదిలోకి వెళ్లే కమాండ్ కొట్టి, 'ఇప్పుడెక్కడున్నాను?' అని మెషీన్‌నే అడిగి, జవాబు చూశాకే సామాను దింపేది.

ఈ పనంతా ఇక స్క్రిప్టే, అంటే వరసగా రాసిపెట్టిన కమాండ్ల జాబితాయే, చేయాలన్నది నేను. వయసులో ఆమెకన్నా పదేళ్లు చిన్న, హోదాలో ఒక మెట్టు పైన. ఆమె రాసిన స్క్రిప్టులో 'ఎక్కడున్నాను?' అనే లైను పదకొండు చోట్ల కనబడేసరికి పడీపడీ నవ్వాను.

"ఏంటక్కా, మెషీన్ కూడా దారి తప్పుతుందా?"

పక్క బల్లలవాళ్లూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు స్క్రిప్టు మొదలుపెట్టాం. మొదటి శాఖ పని తెరమీద పచ్చపచ్చగా పూర్తయింది. రెండోది సగంలో ఉండగా ఫోను మోగింది. మొదటి శాఖ ల్యాబు టెక్నీషియన్.

"అక్కా, లేబుళ్లు రావట్లేదు. ముప్పై మందికి రక్తం తీసేశాను. ట్యూబులు వరసగా పెట్టుకుని కూర్చున్నా. ఆ వరస చెదిరితే ఎవరిది ఎవరిదో దేవుడికే తెలియాలి."

అక్క మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"ట్రే ఎవర్నీ ముట్టుకోనివ్వకమ్మా. పెన్నుతో పేర్లు రాస్తూ ఉండు" అంది.

స్క్రిప్టు ఆపితే సగంలో ఉన్న రెండో సర్వర్ ఏమవుతుందో తెలియదు. ఆపకపోతే అక్కడా లేబుళ్లు పోతాయి, తర్వాత మూడోది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆపేశాం. తెరమీద ఒక్క తప్పూ కనబడదు.

"ఒకసారి ఆ 'ఎక్కడున్నాను?' అడిగి చూడండక్కా. స్క్రిప్టులో ఉంది కదా."

"లేదు. తీసేశాను."

"అన్నీనా?"

"పదకొండూ."

ఒకటి మళ్లీ రాసి నడిపింది. హాల్లో ఉన్నానంది మెషీన్. అప్పుడు తెలిసింది. చేత్తో కొట్టేటప్పుడు ఒకసారి గదిలోకి వెళ్తే అక్కడే ఉంటాం. మా స్క్రిప్టులో మాత్రం ప్రతి పనికీ మెషీన్ మళ్లీ వీధి గుమ్మం నుంచే వస్తుంది, ముందు పనిలో గదిలోకి వెళ్లిన సంగతి దానికి గుర్తుండదు. కొత్త సామానంతా హాల్లో, పాతది తీసేసి దాని చోట పడేసింది. ముసలి ప్రోగ్రాము నోరు పడిపోయింది.

అక్క రెండు సర్వర్లలోనూ హాల్లోకి పాత సామాను తిరిగి చేర్చింది. స్క్రిప్టులో సామాను దింపే ప్రతి లైనులోనూ గది పూర్తి చిరునామా రాసింది. పదిన్నర దాటాక టెక్నీషియన్ ఫోను చేసింది. లేబుళ్లు వచ్చాయి. ముప్పై ట్యూబుల్లో ఒక్కటీ తారుమారు కాలేదు. అక్క ఫోను పెట్టేసి కాసేపు కళ్లు మూసుకుంది.

పైవాళ్లకు మెయిల్ తనే రాసింది. చెక్ చేసే లైన్లు నేనే తీసేశాను, పొరపాటు నాది, అని. నా నవ్వు గురించి ఒక్క అక్షరం లేదు.

"ఎందుకు తీసేశారక్కా?" అన్నాను. అడగకపోయినా బాగుండేది.

"ఇంట్లో నవ్వుతారు, ఇక్కడా నవ్వుతారు. ఒక్కసారైనా అందరిలా ఉందామనిపించింది బాబూ."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మెయిల్ కింద నా మాటగా జరిగింది జరిగినట్టు రాసి పంపాను.

సాయంత్రం సర్వర్ గదికి తాళం వేసి, ఒకసారి లాగింది. నన్ను చూసి, రెండోసారి లాగబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. సగం మెట్లు దిగాక ఆమె నడక నెమ్మదించింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

నేనే పైకి వెళ్లి తాళం లాగి చూశాను.

"పడిందక్కా" అన్నాను.