నది నీళ్లు, కుంచె మొన, నా లివర్

ఆ ఆదివారం కొల్లాపూర్ అవతల కృష్ణ ఒడ్డున బొమ్మ వేస్తుంటే కుడి భుజం లాగడం మొదలైంది. ఆకాశానికి రంగు పూసే పెద్ద కుంచెను పైకెత్తలేకపోయాను. మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని గంటల తరబడి వంగి కూర్చునేవాణ్ని కదా, నరం పట్టిందనుకున్నాను. ఇంటికొచ్చేసరికి చలిజ్వరం. అన్నం ముద్ద నోట్లో పెడితే కడుపులో తిప్పింది.

నేను వనపర్తిలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ మాస్టర్ని. వయసు నలభై ఆరు. నీటిరంగులతో ఒడ్డులు, కొండలు వేయడం నా పిచ్చి. మా పాలమూరు వాళ్లకు సముద్రం ఎక్కడిది? డ్యామ్ వెనక నిండిన కృష్ణే మా సముద్రం. ఏ నీటిని గీస్తున్నానో ఆ నీటితోనే రంగు కలపాలని నాకొక నియమం ఉండేది. స్టీలు గ్లాసు నదిలో ముంచేవాణ్ని, అందులో కుంచె కడిగేవాణ్ని, సన్నటి గీత కావాలంటే కుంచెను పెదాల మధ్య పెట్టి లాగి మొన తెచ్చేవాణ్ని. ఇరవై ఏళ్లుగా పిల్లలకు కూడా అదే నేర్పాను. "ఉమ్మితో వచ్చినంత మంచి మొన దేనితోనూ రాదు" అని గొప్పగా చెప్పేవాణ్ని. ఇది రాస్తుంటే నామీద నాకే రోత పుడుతోంది.

ఆ ఒడ్డు అసలు ఎలా ఉంటుందో నా బొమ్మల్లో ఎవరికీ కనిపించదు. బర్రెల్ని కడిగేది అక్కడే. పొద్దున్నే చెంబు పట్టుకొచ్చినవాళ్లు కూర్చునేది నేను కూర్చునే రాళ్ల వెనకే. నేను ముక్కు మూసుకుని వాళ్లను దాటిపోయి, ఆ కంపంతా వదిలేసి, కాగితం మీద తేట నీలం పూసేవాణ్ని. ఒకసారి నా భార్య పద్మ వెంట వచ్చి నా పని చూసింది.

"థూ! గా నీళ్లల్ల బర్రె ఉచ్చ పోస్తుంది. నువ్వు గదే నోట్ల పెట్టుకుంటున్నవ్. ఏం మనిషివయ్యా?"

"నీకేం తెల్సే బొమ్మ సంగతి" అన్నాను.

భుజం నొప్పికి మా వీధి ఆర్ఎంపీ ఆరు రోజులు ఇంజెక్షన్లు పొడిచాడు. జ్వరం దిగేది, సాయంత్రానికి మళ్లీ ఎక్కేది. ఏడో రోజు కుడి డొక్కలో పోటు ఎంతగా పెరిగిందంటే దగ్గితే ప్రాణం పోయినట్టయింది. పద్మ ఆటో మాట్లాడి వనపర్తిలోనే పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. అల్ట్రాసౌండ్ చేసిన డాక్టర్ స్క్రీన్ మా వైపు తిప్పాడు.

"లివర్‌ల పెద్ద ఆబ్సెస్ ఉంది సార్. చీముగడ్డ. తొమ్మిది సెంటీమీటర్లు. మీ భుజం నొప్పి గూడ దీంతోనే వస్తుంది. పగిలితే కడుపులకో ఛాతిలకో పోతది, ప్రాణం మీదికొస్తది. ఇయ్యాలనే మహబూబ్‌నగర్ పోండ్రి."

మహబూబ్‌నగర్‌లో అడ్మిట్ చేసుకున్న డాక్టర్ మొదట అడిగింది మందు గురించి.

"డ్రింక్ చేస్తారా?"

"లేదు సార్."

"ఫంక్షన్లల్ల ఎప్పుడన్న? కల్లు?"

"కల్లు గూడ లేదు సార్."

ఆయన నమ్మినట్టు తల ఊపాడు కానీ నర్సుకేసి చూశాడు. లింగాల నుంచి చూడడానికొచ్చిన మా బామ్మర్ది ఇంకో అడుగు ముందుకేశాడు. "బావా, నా దగ్గర దాచుడెందుకు? లివరంటే మందే గదా. నేనెవలికీ చెప్పనులే" అని చెవిలో గుసగుసలాడాడు. ఆ నొప్పిలో కూడా వాణ్ని ఒకటి పీకాలనిపించింది.

తర్వాత డాక్టర్, "ఏం నీళ్లు తాగుతరు?" అని అడిగాడు. ఫిల్టర్ నీళ్లేనని చెప్పాను. అది నిజమే. కుంచె సంగతి కూడా నాకు ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. సిగ్గేసి నోరు మూసుకున్నాను.

మత్తు సూది పొడిచి, స్కాన్‌లో చూస్తూ డొక్కలోకి సన్నటి గొట్టం దించారు. పిగ్‌టెయిల్ అన్నారు. గొట్టంలోంచి సంచిలోకి దిగిన దాన్ని చూడొద్దనుకుంటూనే చూశాను. చిక్కటి ఎర్రమట్టి రంగు. నేను తడి ఒడ్డుకు వాడే బర్న్ట్ సియెన్నా రంగు అచ్చం అట్లాగే ఉంటుంది. వాసన లేదు. కుళ్లు వాసన వచ్చి ఉంటే ఏదో పరాయిదనుకునేవాణ్నేమో, వాసన లేకపోయేసరికి ఇంకా అసహ్యమేసింది. మంచం పక్కనే వాంతి చేసుకున్నాను.

సంచి చూసిన డాక్టర్, "ఇది అమీబిక్ లెక్కనే ఉంది. మలం కలిసిన నీళ్లు కడుపులకు పోతే వస్తది. ఎక్కడ పోయినయబ్బా?" అన్నాడు.

నేను గోడకేసి తిరిగాను. పద్మ ఆగలేదు.

"ఈన బొమ్మలేసేటప్పుడు నది నీళ్లల్ల ముంచిన కుంచె నోట్ల పెట్టుకుంటడు సార్. ఇరవై ఏండ్ల సంది. మస్తు చెప్పిన, ఇనడు."

డాక్టర్ మొహం చిట్లించాడు. "గట్లనే వచ్చిందని గట్టిగ చెప్పలేను గానీ, రానీకె అది చాలు" అన్నాడు.

ఎనిమిది రోజులకు గొట్టం తీసి ఇంటికి పంపారు. మెట్రోనిడజోల్ కోర్సు, దాని తర్వాత పేగుల్లో మిగిలిన అమీబాల కోసం వేరే ట్యాబ్లెట్లు రాశారు. మెట్రోనిడజోల్ మింగితే నోరు తుప్పు పట్టిన ఇనుము నాకినట్టుండేది. అది ఎలాగో ముగించాను. రెండో రకం మూడు రోజులు వేసుకుని, ఒళ్లు బాగానే ఉందని చెత్తబుట్టలో పడేశాను. పద్మ అడిగితే అయిపోయాయని అబద్ధమాడాను.

రెండు నెలలకు అదే చలి, అదే పోటు. ఈసారి గడ్డ చిన్నదే, సూదితో లాగేశారు. డాక్టర్ తిట్టిన తిట్టు మాత్రం మర్చిపోలేను. "చదువుకున్నోడివి, పిల్లలకు చదువు చెప్పేటోడివి. కోర్సు నడుమల ఆపుతరా సార్? మళ్ల గొట్టమెయ్యాల్నా?" పద్మకు నా అబద్ధం అక్కడే తెలిసిపోయింది. ఇంటికొచ్చాక ట్యాబ్లెట్లు తన దగ్గరే పెట్టుకుని, చివరిదాకా రోజూ లెక్కపెట్టి ఇచ్చింది.

ఇది జరిగి ఏడాది దాటింది. స్కానింగ్ బాగుంది. మొదట్లో రంగుల పెట్టె తెరిస్తేనే వికారం, ఆ ఎర్రమట్టి ట్యూబును బయట పారేశాను. ఇప్పుడు మళ్లీ ఆదివారాలు ఒడ్డుకు పోతున్నాను. ఇంటి నుంచి బాటిల్లో నీళ్లు పట్టుకుపోతాను, మొన కావాలంటే ఎడమచేతిలోని గుడ్డ మీద కుంచెను దొర్లిస్తాను. బర్రెల్ని వేస్తున్నాను, రాళ్ల వెనక కూర్చునేవాళ్లనీ వేస్తున్నాను. అవి ఎవరూ హాల్లో తగిలించుకోరు, తెలుసు.

స్కూల్లో తిరిగి చేరిన రోజు తొమ్మిదో తరగతిలో చూస్తే సగంమంది నోట్లో కుంచెలున్నాయి. తీయమని అరిచాను. ముందు బెంచీలోని అమ్మాయి బెదిరిపోయి, "మీరే నేర్పించిండ్రు గద సార్" అంది. తప్పు చేశానని పిల్లలందరి ముందూ ఒప్పుకున్నాను. పాత విద్యార్థులు రోడ్డు మీద కనిపిస్తే వాళ్లకూ ఆపి చెబుతున్నాను. కొందరు నవ్వుతారు.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. దవాఖానకు పోయినప్పుడు ఏం తిన్నారో, ఏం తాగారో చెప్పి ఊరుకోకండి. దారం కొరుకుతారో, సూదులు పెదాల మధ్య పెట్టుకుంటారో, పని చేసేటప్పుడు మీ నోట్లోకి ఏం పోతుందో డాక్టర్ అడగకముందే చెప్పండి. సిగ్గుపడి నేను మూసుకున్న నోరు పద్మ తెరవకపోయి ఉంటే, మళ్లీ అదే ఒడ్డుకు పోయి, అదే గ్లాసు ముంచి, అదే కుంచె నోట్లో పెట్టుకునేవాణ్ని.